ఇంటి కంప్యూటరుకు ఏది ఉచితం?



తెలుగులో 'ఉచితం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన అర్థం 'తగినది, యుక్తమైనది'. ఔచిత్యం, సముచితం, అనుచితం అన్నీ ఆ కొమ్మకు పూసినవే. వ్యవహారంలో మనం తెచ్చిపెట్టుకొన్న అర్థం 'వెల లేనిది'. ఈ రెండర్థాలూ ఒకే వస్తువుకు చెల్లడం లోకంలో అరుదు. ఇంటి కంప్యూటరు విషయంలో మాత్రం అలాంటి వస్తువు ఒకటి మన ముంగిట్లోనే ఉంది. మీట నొక్కగానే మేలుకొని తెరను, కీబోర్డును, దస్త్రాలను, తక్కిన ప్రోగ్రాములను నడిపించే మూల ప్రోగ్రామును నిర్వహణ వ్యవస్థ అంటాము. అలాంటి నిర్వహణ వ్యవస్థలలో లినక్సు రెండు విధాలా ఉచితమైనది.

అయినా మనలో పెక్కుమంది దానిని కాదని వేరొక దారి పట్టారు. వెల ఉన్న వస్తువును వెల చెల్లించకుండా తెచ్చుకొనే దారి అది. దానికి తెలుగులో చక్కని మాట ఉంది: దొంగతనం. మాట కటువుగా ఉందని కొందరు 'కాపీ' అంటారు, మరికొందరు 'క్రాక్' అంటారు. పేరు మార్చినంత మాత్రాన ధాతువు మారదు.

ఈ తంతు ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. విడిభాగాలతో కూర్చిన కంప్యూటరు ఇంటికి వస్తుంది. లేదా పాతది మొరాయిస్తుంది. బాగుచేసే కుర్రవాడు వచ్చి, జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, "ఒరిజినల్ ఎందుకు సార్, నేను వేసిస్తాగా" అంటాడు. కొద్ది వందలు పుచ్చుకొని వెళ్లిపోతాడు. ఇంటి యజమాని బేరం కుదిరిందని సంతోషిస్తాడు. పక్కన నిలబడి పదేళ్ల పిల్లవాడు అంతా చూస్తూ ఉంటాడు. నా అభ్యంతరం ముందుగా ఆ పిల్లవాడిని గురించే. పరీక్షలో చీటీ దొరికితే పిల్లలను హాలు బయటికి పంపిన ఉపాధ్యాయుణ్ణి నేను. ఇంట్లో తండ్రి కూర్చొని లెక్కలు రాసుకొనే యంత్రమే చీటీ పెట్టి పాసయిందైతే, బడిలో మేము చెప్పే నీతిపద్యాలకు విలువేముంటుంది?

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 63బి సెక్షను ప్రకారం, దొంగప్రతి అని తెలిసి కూడా కంప్యూటరు ప్రోగ్రామును వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం వాడకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో విడిచిపెట్టే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది. మన ఇంటి తలుపు ఎవరూ తట్టరన్నది నిజమే. కాని దొంగప్రతిలో మరొక ప్రమాదం దాగి ఉంది. తాళం పగలగొట్టి ఇచ్చినవాడు ఆ ప్రోగ్రాములో ఇంకేమి దూర్చాడో మనకు తెలియదు. రేపు అదే యంత్రంలో బ్యాంకు ఖాతా తెరుస్తాము. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పుకొంటాము? దొంగకు తేలు కుట్టినట్లే.

"మనది పేద దేశం మాస్టారూ, కోట్లకు పడగలెత్తిన కంపెనీకి మన నాలుగు వేలు ఒక లెక్కా?" అని అడిగేవారున్నారు. ఆకలికి తాళలేక అరటిపండు దొంగిలించినవాడి మీద నాకూ జాలి కలుగుతుంది. కాని సత్రంలో విస్తరి వేసి, రమ్మని పిలుస్తూ ఉండగా, పొరుగువాడి వంటింట్లో దూరినవాడిని అన్నార్తుడని ఎవరంటారు? పైగా కంపెనీకి తాను నష్టం కలిగించానని వీడు మురిసిపోతాడు. నిజానికి వాడు కంపెనీకి కప్పం చెల్లిస్తూనే ఉన్నాడు, రూపాయల్లో కాదు, అలవాటులో. వాడి వేళ్లు ఆ పద్ధతికే అలవాటు పడతాయి. వాడి పిల్లలు కంప్యూటరంటే అదేననుకొంటారు. రేపు వాడు పనిచేసే కార్యాలయం, ఇంకేమీ రానివారి కోసం, దానినే వెలపెట్టి కొంటుంది. దొంగప్రతి వల్ల నిజంగా నష్టపోయేది ఆ కంపెనీ కాదు, సత్రం పెట్టినవాడు.

ఆ సత్రం కథ క్లుప్తంగా చెబుతాను. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనే ప్రోగ్రామరు, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల నిర్వహణ వ్యవస్థను నిర్మిస్తానని ప్రకటించి దానికి గ్నూ అని పేరు పెట్టాడు. 1991లో ఫిన్లండు దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, అలాంటి వ్యవస్థకు గుండెకాయ వంటి ప్రోగ్రామును రాసి లోకానికి ఇచ్చాడు. మరుసటి ఏడే దానిని స్టాల్మన్ రూపొందించిన జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. ఆ ఉద్యమం చెప్పే స్వేచ్ఛలు నాలుగు: ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చదివి మార్చుకోవచ్చు, ప్రతులు తీసి పంచవచ్చు, మార్చినదానిని కూడా పంచవచ్చు. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటే స్వేచ్ఛకూ ఉచితానికీ దిక్కు కావడం వల్ల వారు ఈ భేదాన్ని వివరించడానికి నానా అవస్థ పడ్డారు. మనకు ఆ బాధ లేదు. రెండు మాటలూ వేరువేరుగా ఉన్నాయి.

తెలుగు చదువుకొన్నవారికి ఈ నాలుగు స్వేచ్ఛలు కొత్తగా తోచకూడదు. నన్నయ భారతం పదకొండో శతాబ్దం నుంచి అచ్చుయంత్రం వచ్చేదాకా బతికింది తాటాకుల మీద ప్రతులు రాసిన లేఖకుల చేతులలోనే. ప్రతి రాసి ఇవ్వడం పుణ్యకార్యం. 'తప్పులుంటే పెద్దలు దిద్దుకొందురుగాక' అనే అర్థంతో గ్రంథాంతంలో వేడుకోవడం లేఖకుల ఆచారం. పందొమ్మిదో శతాబ్దంలో బ్రౌను దొర ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, పాఠాలు సరిచేయించాడు. చదవడం, వ్యాఖ్య రాయడం, ప్రతి తీయడం, దిద్ది తిరిగి ఇవ్వడం: లినక్సు రాసేవారు ఈనాడు చేస్తున్నది ఇదే పని. సూత్రం కనిపించనిదే వృత్తి రాయలేము. మూసిపెట్టిన ప్రోగ్రాము, సూత్రాలు దాచి ఉదాహరణలు మాత్రం అమ్మే వ్యాకరణం వంటిది.

మన సంప్రదాయమంతా తెరచిన తలుపులేనని నేననను. వేదం వినకూడదని కొందరి చెవులు మూయించిన పాపం మన చరిత్రలోనూ ఉంది. విద్యకు గడియ పెడితే ఏమవుతుందో తెలిసిన జాతి కనుకనే, మన ఇంటి యంత్రానికి మరొకరు గడియ పెడతానంటే మనం ముందుగా అడగాలి: ఎందుకు?

"మేము దొంగిలించలేదు, కంప్యూటరుతోబాటే కొన్నాము, మాకేమిటి?" అనేవారున్నారు. వారికి నా నమస్కారం. వారిని నేను అడిగేది వేరు. 2015లో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకొన్న ఇంటి వాడుకదారులకు 2026 అక్టోబరు వరకు భద్రతా సవరణల పొడిగింపు ప్రకటించారు. దాని తరువాతిదైన విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యమూ, జాబితాలో చేరిన ప్రాసెసరూ ఉండాలన్నారు. అంటే, తెర వెలుగుతున్నది, కీబోర్డు పలుకుతున్నది, పని జరుగుతున్నది. అయినా యంత్రానికి ఆయువు మూడిందని దూరానున్నవాడు నిర్ణయిస్తాడు. ఎద్దు అరక దున్నుతూ ఉండగానే, పలుపు అమ్మినవాడు వచ్చి ఎద్దును కబేళాకు పంపమన్నట్టుంది. వెల చెల్లించి కొన్నాము సరే, దానికి యజమాని ఎవరు?

అలాంటి యంత్రాలకే లినక్సు ప్రాణం పోస్తుంది. 2006లో మొదలైన లినక్సు మింటు అనే పంపిణీకి 2 జీబీ మెమరీ, 20 జీబీ డిస్కు స్థలం ఉంటే చాలు. 4 జీబీ ఉంటే సుఖం. 2004లో వచ్చిన ఉబుంటులో రెండేళ్లకొకసారి వెలువడే దీర్ఘకాలిక సంచికకు అయిదేళ్లు భద్రతా సవరణలు వెల లేకుండా అందుతాయి. ఆ తరువాత కొత్త సంచికకూ వెల లేదు.

ఇక తెలుగు మాట. విండోసులో తెలుగు కనిపించదని నేననను, చక్కగా కనిపిస్తుంది. కాని తాళం వేసిన అక్షరానికి ఏ గతి పడుతుందో నాకు అనుభవం. ఉద్యోగపు రోజులలో పదో తరగతి పిల్లల కోసం ఛందస్సు, అలంకారాల పాఠాలు రాసి ఒక డీటీపీ కేంద్రంలో కూర్పించాను. ఆ దస్త్రం ఇప్పటికీ నా వద్ద ఉంది. తెరిస్తే రోమను అక్షరాలూ పిచ్చి గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫాంటు అమ్మినవారు తమ సొంత సంకేతపద్ధతి పెట్టుకొన్నారు. వారి ప్రోగ్రాము లేనిదే నా ఉత్పలమాల నాకే కనబడదు. ఈ బాధ పడలేకనే కదా మనమంతా యూనికోడును ఆశ్రయించింది! లేఖినిలో అక్షరాలు దిద్దుకొని, ఊరూరా యూనికోడు గొప్పతనం చాటిన మనం, ఆ అక్షరాలు నిలిచే నేలను మాత్రం తాళం వేసినవాడికే విడిచిపెట్టడం ఏమి తర్కం?

స్వేచ్ఛా ప్రపంచంలో తెలుగుకు దక్కినది తక్కువేమీ కాదు. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు వచ్చాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గిడుగు, గురజాడల పేర్లతో ఎవరైనా పంచుకోదగిన లైసెన్సు కింద ఫాంట్లు వెలువడ్డాయి. ఇన్‌స్క్రిప్టులోగాని, ఆర్టీఎస్ పద్ధతిలోగాని నేరుగా టైపు చేయవచ్చు. మెనూలలో దస్త్రం, అమరికలు వంటి మాటలు పెట్టినవారు జీతగాళ్లు కారు, మనవంటి ఔత్సాహికులు. ఆ అనువాదాలలో కృతకమైనవీ ఉన్నాయి. పండితుడిగా నేను పళ్లు నూరుకొన్న మాటలూ ఉన్నాయి. కాని ఇక్కడ తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు, నచ్చితే వారు చేర్చుకొంటారు. మూసిన వ్యవస్థలో అది కంపెనీ దయ. సాంకేతిక తెలుగును ఎవరు తీర్చిదిద్దాలి, మనమా, వ్యాపారసంస్థ కార్యాలయంలోని వారా? వాదమంతా చివరికి ఇక్కడికే వస్తుంది.

"కష్టం మాస్టారూ, అది ఇంజనీర్ల వ్యవహారం" అనేది ఆఖరి వాదం. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలాధారం లినక్సు గుండెకాయే. మీ ఇంట్లో ముసలివారు కూడా దానిని నడుపుతున్నారు. 2017 నవంబరు జాబితా నుంచి లోకంలోని మేటి 500 సూపర్ కంప్యూటర్లూ దానిమీదే నడుస్తున్నాయి. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం కొద్ది ఏళ్లకే స్వేచ్ఛా సాఫ్టువేరుకు మళ్లింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల పిల్లలు దానిమీదే కంప్యూటరు నేర్చుకొంటున్నారు. మలయాళీ బాలుడికి రానిది కాదు, తెలుగు పెద్దమనిషికి కష్టమా? మన దేశపు సీడాక్ సంస్థ 2007లోనే బాస్ పేరుతో భారతీయ భాషలకు అనువైన లినక్సును విడుదల చేసింది. 2015లో కేంద్రప్రభుత్వం తన కార్యాలయాలలో ఇలాంటి సాఫ్టువేరుకు ప్రాధాన్యమిమ్మని విధానమే ప్రకటించింది.

చిక్కులు లేవని చెబితే నేను కూడా అమ్మకందారునవుతాను. కొన్ని ప్రింటర్లు మొండికేస్తాయి. కొన్ని లెక్కల ప్రోగ్రాములు, పాత తెలుగు డీటీపీ ప్రోగ్రాములు, పెక్కు ఆటలు నేరుగా నడవవు. వృత్తిరీత్యా అవి తప్పనివారు వెల చెల్లించి విండోసునే వాడుకోవాలి; అందులో తప్పేమీ లేదు. కాని ఇంట్లో మనం చేసేదేమిటి? ఉత్తరాలు, వ్యాసాలు రాస్తాము. లిబ్రె ఆఫీసు ఉంది. అంతర్జాలం చూస్తాము, ఫైర్‌ఫాక్సు ఉంది. పాటలు, సినిమాలకు వీఎల్‌సీ ఉంది. వీటికోసం దొంగతాళం ఎందుకు?

కనుక నా కోరిక ఇది. దస్త్రాలన్నీ ముందుగా వేరే డ్రైవులో భద్రపరచండి. లినక్సు మింటునో, ఉబుంటునో దింపుకొని పెన్‌డ్రైవులో ఎక్కించండి. స్థాపించకుండానే, ఉన్నదానిని చెరపకుండానే, పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు. వారం రోజులు వాడండి. నచ్చకపోతే తీసివేయండి, ఎవరూ అడగరు. నచ్చితే మాత్రం ఒక ప్రతి తీసి పొరుగింటికి ఇవ్వండి. చట్టానికి భయపడకుండా, పిల్లల ముందు, పట్టపగలు ఇవ్వండి. ప్రతి తీసి ఇవ్వడం మళ్లీ పుణ్యకార్యమైన చోటు ఇదొక్కటే.

స్వస్తి.