ఎంత వంగుతుంది అని కాదు, ఎంత మిగిలింది అని అడగండి

నేను తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి. తెలుగు రాయడం ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. విషయం ముఖ్యమైనది, కాస్త ఓపిగ్గా చదవండి.

ఈసారి కార్తీక వనభోజనాలకు ఏర్కాడు పోదామని మొన్న మీటింగులో అనుకున్నాం కదా. పెద్దలకు బస్సు. కుర్రవాళ్లు బైకుల్లో వస్తామన్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇంకా ఎల్ బోర్డు పిల్లలు. వద్దే వద్దని కొందరు, ఈ కాలం పిల్లల్ని కట్టేస్తామా అని కొందరు. ఆ రోజు నేను ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మా మనవడు అడిగాడు: "తాతా, నా 125 సీసీ బండిని మలుపులో ఎంతదాకా వంచొచ్చు? టైరు అంచుదాకా అరగకపోతే బండి నడపడం రాదని ఫ్రెండ్స్ ఎగతాళి చేస్తున్నారు."

ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

వంగకుండా బైకు తిరగదు. అది నిజం. ఎంత వంగాలన్నది బండి ఖరీదును బట్టి, బరువును బట్టి ఉండదు. రెండే సంగతులు: వేగం ఎంత, మలుపు ఎంత బిగువు. సేలం నుంచి ఏర్కాడు ఎక్కేటప్పుడు 20 కొండై ఊసి వళైవులు వస్తాయి, అంటే జడపిన్ను లాంటి మలుపులు. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు ఒకటి అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో తిరిగితే బండి సుమారు 12 డిగ్రీలు వంగితే చాలు. 30లో 25 డిగ్రీలు కావాలి. 40లో 40 డిగ్రీలు కావాలి. చూడండి, 30 నుంచి 40కి పోవడం పిల్లవాడికి యాక్సిలరేటర్ కొంచెం తిప్పడమే. రోడ్డుకు మాత్రం అది 15 డిగ్రీల తేడా.

40 డిగ్రీలంటే సన్న టైర్ల చిన్న బండికి దాదాపు చివరంచు. ఆ దరిదాపుల్లో ఫుట్‌రెస్టో, స్టాండో, లెగ్ గార్డో నేలను గీరడం మొదలవుతుంది. మడవడానికి వీలులేని ఫుట్‌రెస్టు గట్టిగా తగిలితే బండిని పైకెత్తి టైరు పట్టు విడిపిస్తుంది. వెనక మనిషి కూర్చుంటే వంపు కోణం మారదు గానీ, స్ప్రింగులు కుంగి స్టాండు నేలకు ఇంకా దగ్గరవుతుంది. ఇదంతా ఎండిన మంచి తారురోడ్డు మీద మాట. వాన తడి, ఇసుక, లారీ కార్చిన డీజిల్ ఉంటే ఫుట్‌రెస్టు తగలకముందే టైరు జారుతుంది.

టీవీలో రేసుల వాళ్లు 60 డిగ్రీలు దాటి వంగుతారు కదా అన్నాడు మనవడు. వాళ్ల టైరు వేరు, ట్రాక్ వేరు. ఎదురుగా టౌన్ బస్సు రాదు.

టైరు పట్టును నేను గుమాస్తా జీతంతో పోలుస్తాను. మలుపు తిరగడానికీ, బ్రేకు వేయడానికీ ఖర్చయ్యేది ఆ ఒక్క జీతమే. మొత్తం మలుపుకే ఇచ్చేస్తే, బస్సు ఎదురొచ్చినప్పుడు బ్రేకుకు ఇవ్వడానికి చేతిలో పైసా ఉండదు.

ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో ఉన్నాను. అక్కడ మలుపులో బయటి పట్టాను లోపలి పట్టాకంటే ఎత్తులో వేస్తారు. దాన్ని క్యాంట్ అంటారు. ఆ ఎత్తునూ మలుపు బిగువునూ లెక్కగట్టి వేగం నిర్ణయిస్తారు. అది రైలు పడిపోయే వేగం కాదు, దానికి చాలా దిగువన ఉండే వేగం. ఇంకెంత వేగంలో పోతే పట్టా తప్పుతుందని ఏ డ్రైవరూ పరీక్ష పెట్టడు. వాణ్ణి ఎవరూ పిరికివాడనరు.

నేనూ ఒకసారి పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సెకండ్ హ్యాండ్ బండి కొని, సైడ్ స్టాండు తియ్యడం మరచి ఎడమ మలుపులో వంచాను. స్టాండు నేలకు తగిలింది. మోకాలి మచ్చ ఇప్పటికీ ఉంది. వెనక నుంచి లారీ రాకపోవడం నా తెలివి కాదు.

అయితే పిల్లల్ని పూర్తిగా ఆపేయాలనే పెద్దల మాట కూడా నాకు నచ్చలేదు. వంగడానికి భయపడేవాడు కూడా పడతాడు. భయంతో మలుపు మధ్యలో బ్రేకు నొక్కుతాడు, బండి నేరుగా ఎదుటి వరుసలోకి పోతుంది. ఈరోజు ఆపితే రేపు మనకు చెప్పకుండా పోతాడు. నేర్పించడమే మార్గం.

కాబట్టి నా కోరిక ఇది. వనభోజనాలకు ముందు రెండు ఆదివారాలు సంఘం తరఫున ఖాళీ మైదానంలో పిల్లల్ని కూడగడదాం. ఆర్టీఓ దగ్గర వేయించే 8ని నిదానంగా వేయిద్దాం. మలుపుకు ముందే వేగం తగ్గించడం, చూపు ముందు చక్రం మీద కాక మలుపు బయటికి పెట్టడం నేర్పిద్దాం. టైరు గాలి, స్టాండు చూసుకునే అలవాటు చేయిద్దాం. లైసెన్సు, హెల్మెట్ ఉన్నవాళ్లు ముందు ఒక అనుభవస్తుణ్ణి పెట్టుకుని వరుసగా రావచ్చు. ఎల్ బోర్డు వాళ్లు ఈసారి బస్సు. నేర్పేవాణ్ణి తప్ప ఇంకొకరిని వెనక ఎక్కించుకోరాదని వాళ్లకు చట్టమే చెబుతోంది, అన్నీ తెలిసి మనం కొండ ఎక్కించకూడదు.

మలుపు దాటాక టైరు అంచున అరగని రబ్బరు మిగిలి ఉంటే అది సిగ్గుపడే విషయం కాదురా, అది నీ సేవింగ్స్ అని మనవడితో చెప్పాను. బస్సు లిస్టులో మొదటి పేరు వాడిదే రాయించాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. పరవాలేదు, లైసెన్సు వచ్చాక మాట్లాడతాడు.

వచ్చే మీటింగులో ఇది చర్చకు పెట్టమని సెక్రటరీ గారిని కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్లు కూడా కింద మీ మాట రాయండి. మైదానంలో నేర్పడానికి వచ్చేవాళ్లుంటే ముందు వాళ్లు చెయ్యెత్తండి.