రాళ్లగట్టు మీది పొరుగు

చెనిక్కాయ పీకే రోజులకు ముందే ఈ సంచిక మీ చేతికి అందాలని తొందరపడ్డాం. కారణం ఆ పనిలో చేలల్లో ఎదురయ్యే చిన్న పింజరి. మూరెడు పొడవుండే ఈ పాముకు అనంతపురం మెట్టనేలే సొంతిల్లు: రాళ్లగట్లు, ముళ్లకంపలు, ఎర్రమట్టి. బెదిరితే చుట్టలు చుట్టుకుని, పక్కల పొలుసులు రాపాడించి రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. అది చెబుతూనే ఉంటుంది, మనమే వినం.

పాత పుస్తకాలు తిరగేస్తుంటే ప్యాట్రిక్ రస్సెల్ ఎదురయ్యాడు. విశాఖపట్నంలో పనిచేసిన ఈ స్కాట్లండ్ వైద్యుడు, 1796లో అచ్చయిన తన పాముల పుస్తకంలో మనవాళ్లు పిలిచిన పేర్లనే రాసుకున్నాడు. రక్తపింజరికి అందులో ఉన్న పేరు కాటుక రేకుల పొడ. ఆ పేరు పెట్టినవాళ్లు ఎంత దగ్గరగా, ఎంత తీరిగ్గా చూసి ఉంటారో! కట్లపాముల శాస్త్రీయనామం ‘బుంగారస్’ కూడా మన ‘బంగారు’ నుంచి వెళ్లిందే.

ఈ సంచికలో రాసినవాళ్లెవరూ పామును దేవతనూ చేయలేదు, దయ్యాన్నీ చేయలేదు. కాటు పడితే మాత్రం మంత్రం వద్దు, కోయడం వద్దు, నేరుగా ఆసుపత్రికే. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాలుగు పాముల విషానికి. వాటిలో చిన్న పింజరీ ఒకటి.

మీ ఊళ్లో దీన్ని ఏమని పిలుస్తారు? ఉత్తరం రాయండి.