నీళ్లలో నిలిచిన కొండలు

దీవులంటే ఎవరికైనా శ్రీలంకో, అండమానో గుర్తొస్తాయి. మధిర వాళ్లకు అంత దూరం అక్కర్లేదు. పొద్దున్నే రైలెక్కి ఖమ్మంలో దిగి, బస్సులో కొత్తగూడెం మీదుగా పాల్వంచ చేరితే చాలు. అక్కడికి 12 కిలోమీటర్లలోనే కిన్నెరసాని జలాశయం.

నీళ్ల మధ్య పచ్చగా కనిపించే దీవులన్నీ ఒకప్పటి కొండలే. ఆనకట్ట కట్టాక లోయ మునిగింది, పైభాగాలు మిగిలాయి. చుట్టూ దాదాపు 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు. దుప్పులు, కణుతులు, ఎలుగుబంట్లు, చిరుతలు. నీళ్లలో మొసళ్లు! కాబట్టి కాళ్లు కడుక్కుందామని కూడా దిగకూడదు.

అయితే దీవిగా మారడం అడవికి సుఖమేం కాదు. పనామా కాలువ కోసం గాటున్ సరస్సును నింపినప్పుడు బారో కొలరాడో అనే కొండ కూడా ఇలాగే దీవి అయింది. 1923 నుంచి అక్కడ పరిశోధనలు సాగుతున్నాయి. ఒడ్డునున్న అడవితో సంబంధం తెగాక కొన్ని పక్షిజాతులు ఆ దీవిలో కనుమరుగయ్యాయి. రెక్కలున్నాయి కదా, ఎగిరి రావచ్చుగా అనిపిస్తుంది. కానీ నీడలో బతికే అడవిపిట్టల్లో కొన్ని నూరు మీటర్ల నీటిని కూడా దాటలేవని ఆ సరస్సు మీదే జరిపిన పరీక్షల్లో తేలింది.

కిన్నెరసాని దీవులకూ ఒడ్డునున్న అడవే ఆధారం. అది పలచబడితే ఇవీ మూగబోతాయి.

వెళ్లాలనుకుంటే చలికాలం మేలు. పడవ తిరుగుతోందో లేదో ముందే వాకబు చేసుకోవాలి. అటవీ సిబ్బంది తోడుంటే పిల్లలకు చెట్ల పేర్లూ తెలుస్తాయి. తెచ్చుకున్న ప్లాస్టిక్ కవర్లు మాత్రం మళ్లీ ఇంటికే!