పల్లె మనోవ్యథను చదివేవారేరి?

మనోవ్యాధి సోకిన వారిని వెంటబెట్టుకొని ఉయ్యూరు, కంకిపాడు వైపు పల్లెల నుంచి వచ్చి బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగే కుటుంబాల్లో, ముందుగా భూతవైద్యుని గడప తొక్కినవి లేకపోలేదు. ఈ ఆలస్యం ఎంత ముప్పు తేగలదో తమిళనాడులోని ఏర్వాడి చాటింది. 2001 ఆగస్టు 6న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులతో కట్టివేసి ఉన్న మనోరోగులు 28 మంది మరణించారు. రోగులను గొలుసులతో బంధించరాదని 2017 చట్టం నిషేధించింది. కాని చట్టం చేసినంత మాత్రాన నమ్మకాలు మారవు. ప్రజలు తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటారో, ఎందుకు దాస్తారో తెలిపే విద్య మానవశాస్త్రం. విశాఖ, తిరుపతి విశ్వవిద్యాలయాల్లో ఆ శాఖలున్నాయి.

ఆ చదువుకు ఆసరా మాత్రం అంతంత మాత్రమే. షెడ్యూల్డు కులాల వారు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు విదేశాల్లో పి.జి. చదివేందుకు కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులు ఇస్తున్నది. అయితే భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక విషయాలపై అధ్యయనాన్ని 2022లో అందులోంచి తొలగించారు. ఇక్కడి సంగతులు ఇక్కడే చదువుకోవచ్చునన్నది అధికారుల వాదన. మరి ఇక్కడైనా దారి ఉండాలి కదా! నెట్‌లో నెగ్గితే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ లభిస్తున్నది. అది పి.జి. పూర్తయ్యాక మాట. అంతవరకు కూలివాని బిడ్డ చదువు సాగేదెలా?

మానసిక ఆరోగ్యంపై పనిచేసే మానవశాస్త్ర విద్యార్థులకు పి.జి. స్థాయిలోనే రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక ఉపకారవేతనాలు ఇవ్వవలసి ఉన్నది. ఈలోగా బాధితులు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు.