గృహిణుల ముచ్చట: పాతకారు, దాని యంత్రము



మోండా మార్కెట్టునకు చేరువ నివసించు నొక సోదరి, చిట్టీపాటలో వచ్చిన సొమ్ముతో పాత ఆల్టో కారు కొనదలచి, చిన్న యంత్రము మేలా, పెద్దది మేలా యని వ్రాసి యడిగినది. ఇంటి పురుషులది "పెద్ద యంత్రము పెట్రోలు త్రాగును" అని యొకటే పల్లవి. సొమ్ము ఆమెది, బండి నడుపునదియు నామెయే.

ఆల్టో మనదేశమున 2000లో వెలువడెను. తొలిదినములలోనే రెండు యంత్రములుండెను. ఒకటి మూడు సిలిండర్లది, 796 సీసీ. మారుతి 800 కొలతయే. రెండవది నాలుగు సిలిండర్లది, 1061 సీసీ. పిమ్మట 2010లో కే10 అను పేర 998 సీసీ యంత్రము వచ్చెను. మొదటిదాని బలము సుమారు 46 హార్స్ పవరు; కే10 బలము సుమారు 67.

చిన్న పొయ్యిమీద పెద్ద గుండిగ నెక్కించినచో మంట చాలదు గదా! ఏసీ వేసి, నలుగురు కూర్చుండి, వంతెన యెక్కునపుడు 796 యంత్రము పడు పాటు నట్టిదే. అప్పు డది త్రాగు పెట్రోలును తక్కువ కాదు. కాని స్టేషను దారి రద్దీలో మొదటి రెండు గేర్లు దాటుట యెక్కడిది? మోండా సందులలోనికి కారే పోదు. వెలుపల నిలిపి సంచి చేతబట్టి నడువవలసినదే. కూరలకు ఒంటరిగా పోయివచ్చుటకు చిన్నదే చాలును. అత్తమామలతో, పిల్లలతో ఎండకాలమున యాదగిరిగుట్ట పోవువారికి కే10 మేలని నా యభిప్రాయము. 1061 సీసీది చూచినచో, దాని సామాను దొరకునో లేదో రాణీగంజి దుకాణములలో ముందే విచారింపుడు.

ఇంకొక సంగతి. పాత యంత్రములు రెంటను లోపల టైమింగు బెల్టు ఉండును. గ్రైండరు బెల్టు వలె నదియు కాలక్రమమున అరుగును. ఎప్పుడు మార్చిరో రసీదు అడుగుడు. కే10లో గొలుసుండును.

కొలతకంటె యంత్రముయొక్క ఆరోగ్యము ముఖ్యము. మీరు వచ్చులోపల యంత్రమును వేడి చేయవలదని దళారితో ముందే చెప్పుడు. చల్లని యంత్రము మొదటి త్రిప్పుటలోనే అసలు గుణము చూపును. నీలిపొగ వచ్చిన నూనె కాలుచున్నదని యర్థము. నూనెమూత విప్పి చూడుడు. అడుగున మజ్జిగవంటి జిగురున్నచో నీరు కలిసియుండవచ్చును. మెకానికు చూడక బయానా ఈయకుడు.

సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లది. 2010 నాటి బండికి ఆ గడువు 2025లోనే తీరినది. మరల 5 ఏండ్లకు పునరుద్ధరించిరా యని కాగితము చూచి, ఆ ఖర్చు ఎవరిదో బేరములోనే తేల్చుకొనుడు.