వరాహవధయు మన కనికరమును

మాంసము ముట్టని మనకు పందిని చంపు విధముతో నేమి పని యని మా కోనసీమలో చదువుకొన్నవారు పలువు రనుచుందురు. ముక్కు మూసికొని ప్రక్కసందున పోవుట దయ కాదు. కాళ్లు కట్టి, తెలివి యుండగనే గుండెలో కత్తి దింపుట మన యూళ్లలో నేటికిని కలదు. ఆ యఱపు శాకాహారుల చెవులనుగూడ సోకుచునే యున్నది.

కబేళాలో జంతువునకు ముందుగా తెలివి తప్పించి పిమ్మటనే రక్తము తీయవలెనని 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు విధించి, బొగ్గుపులుసు వాయువు, తలపై యంత్రపు దెబ్బ, విద్యుత్తు అను మార్గములు చూపినవి. ముదురు పంది కపాలము మందము. అందు దెబ్బ గుఱి తప్పుట కలదు. ఇక వాయువే మృదువని సంస్కారప్రియులగు మిత్రులు కొందఱు వాదింతురు. దెబ్బ లేదట, రక్తము కనబడదట, పంది నిద్రించినట్లు ఒఱగునట! ఇది చూచువాని సుఖమే కాని పంది సుఖము కాదు. నూటికి 80 పాళ్లకు తగ్గకుండ ఆ వాయువు నింపిన గదిలోనికి దానిని దింపుదురు. తడి ముక్కుపొరలపై వాయువు ఆమ్లమై మండును. పంది నోరు తెఱచి రొప్పును, వెనుకకు పెనుగులాడును. తెలివి పోవుట కొక్కొక్కప్పుడు 30 సెకనులకు మించి పట్టును. సోడా త్రాగునపుడు ముక్కులోనికి పొంగినవారికి ఆ మంట లేశమాత్రము తెలియును. బ్రిటనులో పశుసంక్షేమ సలహామండలి 2003లోనే దీనిని అయిదేండ్లలో మానిపింపవలెనని చెప్పినను అది నిలువలేదు. పందులను గుంపుగా తోలవచ్చును, కూలి తగ్గును. అదియే దాని మృదుత్వము!

విద్యుత్తు మాట వేఱు. పటకారును తల కిరుప్రక్కల పట్టి, ఐరోపా వారు 2009లో విధించిన 1.3 ఆంపియర్లకు తగ్గని ప్రవాహము పంపినచో క్షణములో తెలివి పోవును. దోషము లేకపోలేదు. పటకారు మెడకు జారినను, ప్రవాహము చాలకున్నను, జంతువు కదలలేక పడియుండి బాధ నంతయు ననుభవించును. వెంటనే, 15 సెకనులలో, కత్తి పడకున్న తెలివి మరలవచ్చును. కాని యీ దోషము మనిషి చేతిలోనిది, నేర్పిన తొలగునది. వాయువు మంట వాయువులోనిదే.

పేద యమ్మకందారు ఈ యంత్రము కొనగలడా యందురు. వానిని కొనుమనుట మా వాదము కాదు. వానిని దూషించుట అంతకన్నను కాదు. రొయ్యల చెఱువులకు రేయింబవళ్లు విద్యుత్తు తెచ్చుకొన్న సీమకు కబేళాగది కొక తీగ భారమా? ఒక పటకారు, ప్రవాహము కొలుచు సాధనము, నేర్పు గల మనిషి కావలెనని అమలాపుర పురపాలకసంఘమునకు వ్రాయు అర్జీపై సంతకము చేసిన శాకాహారులకు మైల యంటునా?