మాంసానికీ పోటీకీ ఒకే కుందేలు: మన నంద్యాల ఎండలో ఏ జాతి?

పోయిన వీడియోలో మా కుందేళ్ల షెడ్డు చూపించినప్పటి నుంచి షెడ్డు గురించి కంటే జాతి గురించే ఎక్కువ మంది అడుగుతున్నారు. మొన్న ఆళ్లగడ్డ వైపు నుంచి ఒక తమ్ముడు నేరుగా తోటకే వచ్చినాడు. ఫోన్‌లో అమెరికా కుందేళ్ల పోటీ వీడియో పెట్టి, "అన్నా, ఇట్లాంటిది కావాల. మాంసానికి అమ్ముకోవాల, మంచిగా వచ్చిన వాటిని పోటీకి పంపాల. ఏ జాతి తెచ్చుకోమంటావ్?" అన్నాడు. ఇంట్లో బంగారం కుదవ పెట్టడానికి కూడా సిద్ధమై వచ్చినాడు. అందుకే ఈసారి వీడియోతో సరిపెట్టకుండా వివరంగా రాస్తున్నా.

నా జవాబు ముందే చెప్పేస్తా: న్యూజిలాండ్ వైట్. కానీ జాతి పేరు చూసి కాదు, తల్లిదండ్రులను చూసి, తూకం వేసి కొనాల.

మొదట్లో నేనూ రంగు చూసే మోసపోయినా. వ్యవసాయ డిప్లొమా చదివినోణ్ణి, అయినా సరే. తెల్లటి ఒళ్లు, నల్లటి ముక్కు, నల్లటి చెవులు, నల్లటి కాళ్లు ఉండే కాలిఫోర్నియన్ కుందేళ్లు ఏడు ఆడవి, మూడు మగవి ఒక యూనిట్‌గా తెచ్చినా. అమ్మినోళ్లు పిల్లలను తామే తిరిగి కొంటామని కాగితం రాసిచ్చినారు. మే నెలలో నాలుగు చచ్చిపోయినాయి. పిల్లలు అమ్మకానికి వచ్చేసరికి ఆ కంపెనీ ఫోన్ ఎత్తడం మానేసింది. ఆ తర్వాత ఇంకో వింత చూసినా. ఎండాకాలం తర్వాత వచ్చిన కొత్త బొచ్చులో ఆ నల్లటి చెవులు, ముక్కు పాలిపోయి మట్టి రంగుకు వచ్చినాయి. రోగమేమో అనుకున్నా. కాదు. ఆ జాతిలో నలుపు రంగు ఒంటిలో చల్లగా ఉండే భాగాల్లోనే పుడుతుంది. చలి ఉంటే ముదురుతుంది, వేడి ఉంటే పాలిపోతుంది. పోటీలో ఆ జాతికి ఒంటి ఆకారంతో పాటు ముదురు నలుపుకూ మార్కులుంటాయి. అంటే నంద్యాలలో పెంచిన కాలిఫోర్నియన్ మాంసానికి పనికొస్తుంది గానీ, పోటీకి పోయే ముందే రంగులో వెనకబడుతుంది. 1920లలో జార్జ్ వెస్ట్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఎంతో ఓపికగా తయారుచేసిన మంచి జాతే అది. మన ఎండకు కాదు, అంతే.

న్యూజిలాండ్ వైట్‌కు పేరులో న్యూజిలాండ్ ఉన్నా, అదీ అమెరికాలో తయారైన మాంసం జాతే. ఒళ్లంతా తెలుపు, కళ్లు ఎరుపు, పెద్దయితే నాలుగు నుంచి ఐదు కిలోలు. పాలిపోవడానికి రంగే లేదు కాబట్టి ఎండ దాని అందాన్ని చెడగొట్టలేదు. పాదాల కింద బొచ్చు దట్టంగా ఉంటుంది, జాలీ మీద నిలబడినా పుండ్లు తక్కువ. రెక్స్ జాతి చూడండి, ముట్టుకుంటే మఖమల్ లాగా ఉంటుంది, కానీ పాదాల బొచ్చు పలచన, జాలీ మీద మడమలు పగులుతాయి. ఫ్లెమిష్ జెయింట్ ఫొటోకు బాగుంటుంది, ఎముక ఎక్కువ, మాంసం పట్టడానికి నెలలు పడుతుంది. అంగోరా మాట ఈ ఎండలో అసలు ఎత్తొద్దు.

ఇంకో జాతి సోవియట్ చించిల్లా. బూడిద రంగు, బరువు కూడా బాగా వస్తుంది. దాన్ని తప్పు పట్టను. కానీ మనది నల్లమల పక్కన ఉండే ప్రాంతం. అహోబిలం దారిలో బండి మీద బూడిద రంగు కుందేళ్లు తీసుకుపోతే చూసేవాళ్లు అడవి చెవులపిల్లి అనుకుంటారు. అడవి చెవులపిల్లిని పట్టడం, చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. నిజానికి రెండూ వేరే జంతువులు. పెంపుడు కుందేలు పిల్ల బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. చెవులపిల్లి పిల్ల బొచ్చుతో, కళ్లు తెరిచి పుడుతుంది. కానీ చెక్‌పోస్ట్ దగ్గర నిలబడి ఈ పాఠం ఎవరికి చెప్తాం? ఏ జాతి అయినా కొన్న రసీదు బండిలో పెట్టుకోండి. తెల్లదైతే ఆ అనుమానమే రాదు.

ఇక పోటీ సంగతి. ఆ తమ్ముడు చూపించిన వీడియోలో జడ్జి కుందేలును బల్ల మీద పెట్టి నడుము, తొడలు వేళ్లతో నొక్కి చూస్తున్నాడు. అది ముద్దు చూడటం కాదు, మాంసం చూడటం. అమెరికన్ రాబిట్ బ్రీడర్స్ అసోసియేషన్ పోటీల్లో 'మీట్ పెన్' అని ఒక విభాగం ఉంది. ఒకే జాతి పిల్లలు మూడు ఉండాల. వయసు 70 రోజులు దాటకూడదు. ఒక్కొక్కటి మూడున్నర నుంచి ఐదున్నర పౌండ్లు, అంటే మన లెక్కలో సుమారు 1.6 నుంచి 2.5 కిలోలు తూగాల. మూడూ ఒకదాన్ని పోలి ఒకటి ఉండాల. ఒక్క పిల్లను నెత్తిన పెట్టుకుని మేపితే గెలవడం కుదరదు. ఈత మొత్తం సమానంగా ఎదగాల, అంటే తల్లికి పాలుండాల. మాంసం అమ్ముకునే రైతుకు కావాల్సిందీ అదే కదా! పోటీకి వేరే జాతి, మాంసానికి వేరే జాతి అనే ఆలోచన ఇక్కడే తప్పిపోతుంది.

మనకు ఇది కొత్తేం కాదు. తిరునాళ్లలో బండలాగుడు చూసినోళ్లకు తెలుసు. మా తాత కాలంలో అరక దున్నిన జతే బండ లాగేది. ఇప్పుడు బండకు మేపే ఎద్దులు వేరు, వాటి చేత దున్నించేవాళ్లు నాకు కనబడరు. పోటీ కోసమే మేపడం మొదలైతే పొలం పని పక్కకు పోయింది. అదే ఒంగోలు జాతి బ్రెజిల్‌కు పోయి నెలోర్ అయింది. అక్కడ అది మాంసం జాతి, ఉబెరాబాలో జరిగే ఎక్స్‌పోజెబు ప్రదర్శనలోనూ అదే నిలబడుతుంది. ఒకే పశువు రెండు పనులకూ వస్తుంది. దాన్ని విడగొట్టేది మన ఎంపికే.

ఒక చేదు మాట కూడా చెప్పాల. మన జిల్లాలో కుందేళ్లకు పోటీ పెట్టినోళ్లను నేను చూడలేదు. కాబట్టి పోటీ ఆదాయం అని లెక్క రాసుకుని అప్పు చేయొద్దు. ఇక్కడ అందానికి వచ్చే డబ్బు అంటే పిల్లల కోసం కొనేవాళ్లు, జాతి జతలు కావాలని అడిగేవాళ్లు ఇచ్చేదే. ఎర్ర కళ్లు చూసి వెనక్కి పోయే పిల్లలు కూడా ఉన్నారు, అది న్యూజిలాండ్ వైట్‌తో నష్టమే, ఒప్పుకుంటా. మాంసం కూడా అంతే, ముందు నంద్యాలలో ఇద్దరు ముగ్గురు హోటల్ వాళ్లతో మాట్లాడుకుని, వారానికి ఎన్ని కావాలో తెలుసుకున్నాకే బోన్లు చేయించండి. రెండు కిలోల కుందేలు కోస్తే కిలో అటూ ఇటూ మాంసం వస్తుంది, ధర దాని మీద లెక్కేసుకోండి.

అసలు పరీక్ష జాతిది కాదు, ఎండది. న్యూజిలాండ్ వైట్ ఎండకు తట్టుకుంటుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కుందేలుకు చెమట పట్టదు, వేడి పోయేది ఎక్కువగా చెవుల నుంచే. 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే మగదానికి పస తగ్గుతుంది, చల్లబడినాక కూడా కోలుకోవడానికి రెండు నెలల దాకా పడుతుంది. మనకు మేలో 43, 44 మామూలే. అందుకే నేను ఏప్రిల్ మధ్య నుంచి జూన్ దాకా జత కట్టించను. చూడి మోసేది నెల రోజులు, కాబట్టి మార్చి చివర్లో కట్టిస్తే ఏప్రిల్ చివర్లో ఈనుతుంది, పిల్లలు మే ఎండకు దొరుకుతాయి. మార్చి మొదటి వారంతోనే ఆపేస్తే ఇంకా మేలు. వేపచెట్ల కింద షెడ్డు, పైన బోద కప్పు, పక్కలకు తడి గోనెలు, మట్టి కుండలో నీళ్లు. ఫ్యాన్ ఉన్నా కరెంటు పోయిన మధ్యాహ్నం ఆదుకునేది ఆ వేపచెట్టే.

కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ వాళ్ల కేంద్రం ఉంది, వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా అక్కడ పెంచుతారు. మంచి జాతి పశువులే. అయితే కొండ చలిలో పుట్టిన దాన్ని ఏప్రిల్‌లో దించి నంద్యాలకు తెస్తే మనమే చంపినట్టు. తెచ్చుకుంటే చలికాలం మొదట్లో తెచ్చుకోండి. లేదంటే మైదానంలోనే రెండు మూడు ఎండాకాలాలు దాటిన రైతు దగ్గర కొనండి. కొనేటప్పుడు వెనక నుంచి చూడండి, తొడలు గుండ్రంగా నిండుగా ఉండాల, వెన్నెముక వేలికి గుచ్చుకోకూడదు. నోరు తెరిచి పళ్లు చూడండి, వంకర పళ్లు పిల్లలకూ వస్తాయి. చెవి లోపల గజ్జి, పాదాల కింద పుండ్లు చూడండి. తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఎన్ని పిల్లలను పాలు మాన్పించే దాకా బతికించింది, పుస్తకంలో చూపించమనండి. పుస్తకం లేనోడి దగ్గర జాతి కూడా ఉండదు.

మేతలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకే లాభం. మందు కొట్టిన చేలో గట్టు గడ్డి కోసి వేస్తే కుందేలు బతకదు, పత్తి, మిరప చేల పక్కన ఇది చాలామందికి జరిగింది. మన గట్ల మీద దశరథ గడ్డి, అవిశ, మునగ ఉన్నాయి, శనగ పొట్టు నంద్యాలలో కరువే లేదు. సుబాబుల్ మాత్రం కొంచెమే. పచ్చిమేతతోనే పెంచితే నా దగ్గర రెండు కిలోలకు 12, 13 వారాలు పడుతోంది, దాణా పెట్టినోళ్లంత వేగం రాదు. బోన్ల కింద పడిన ఎరువు టమాటా మడులకు వేస్తున్నా, అది వేరే వీడియోలో చెప్తా.

ఆ తమ్ముడికి బంగారం ఇంటికి తీసుకుపొమ్మని చెప్పినా. నవంబర్‌లో మా దగ్గరే రెండు తల్లులు, ఇంకో రైతు దగ్గర సంబంధం లేని ఒక మగది ఇప్పిస్తానన్నా. వచ్చే ఎండాకాలం దాటి, జూలైలో కట్టిస్తే ముందుగా చూడి నిలబడిన తల్లి ఏదో దాని ఆడపిల్లలనే ఉంచుకోమన్నా. పోటీ మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం అంటే మొహం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గానీ, పోయేటప్పుడు తూకం త్రాసు ఎక్కడ దొరుకుతుందని అడిగినాడు.